శ్వాస ఒక్కటే, మార్గాలు అనేకం

పశ్చిమ గోదావరి, ఏలూరు, కృష్ణా జిల్లాల్లోని చేపల చెరువుల దగ్గర రైతులు ఎక్కువగా భయపడే సమయం తెల్లవారుజాము. ముందురోజంతా మబ్బు పట్టి, గాలి ఆడకుండా ఉంటే ఆ భయం మరీ ఎక్కువ. శీలావతి, బొచ్చె చేపలు గుంపులుగా నీటిపైకి వచ్చి నోళ్లు తెరుస్తుంటే చెరువులో ఆక్సిజన్ పడిపోయిందని అర్థం. వెంటనే జాగ్రత్త పడకపోతే నెలల శ్రమ కొన్ని గంటల్లోనే నష్టమైపోతుంది. నీటిలోనే పుట్టి పెరిగే చేపకు ఆ నీటిలోనే ఊపిరి ఎందుకు ఆడదు? అది తెలియాలంటే శ్వాస అంటే ఏమిటో ముందుగా చూడాలి.

శ్వాస ఎందుకు?

గాలి పీల్చి వదలడాన్నే మనం సాధారణంగా శ్వాస అంటాం. అసలు పని కణాల లోపల జరుగుతుంది. తిన్న ఆహారం నుంచి వచ్చిన గ్లూకోజు అక్కడ ఆక్సిజన్ సాయంతో విచ్ఛిన్నమై శక్తి విడుదలవుతుంది. కార్బన్ డయాక్సైడ్, నీరు మిగులుతాయి. ఇదే కణశ్వాసక్రియ. ఇది ఒకరకంగా మంట లేకుండా నెమ్మదిగా జరిగే దహనమేనని ఫ్రెంచి శాస్త్రవేత్త లావోయిజర్ 1780లలో గినీ పందులపై చేసిన ప్రయోగాలతో చూపాడు. ఊపిరితిత్తులు, మొప్పలు, చర్మం, ఏవైనా సరే, కణాలకు ఆక్సిజన్ అందించి కార్బన్ డయాక్సైడును బయటకు పంపే దారులు మాత్రమే.

మనిషిలో ఇలా

పక్కటెముకల మధ్య కండరాలు, ఛాతీ కింద ఉండే ఉదరవితానం సంకోచించినప్పుడు ఛాతీ కుహరం పెద్దదవుతుంది. లోపల పీడనం తగ్గి గాలి దానంతటదే లోపలికి వస్తుంది. అది వాయునాళం ద్వారా కోట్ల సంఖ్యలో ఉండే వాయుగోణులకు చేరుతుంది. వాటి గోడలు అతి పలుచన. వాటన్నిటినీ విప్పి పరిస్తే సుమారు 70 చదరపు మీటర్ల వైశాల్యం వస్తుందని అంచనా. ఈ గోడల గుండా ఆక్సిజన్ రక్తంలోకి వెళ్లి హిమోగ్లోబిన్‌తో కలుస్తుంది, కార్బన్ డయాక్సైడ్ బయటకు వస్తుంది.

విశ్రాంతిగా ఉన్న పెద్దవారు నిమిషానికి 12 నుంచి 20 సార్లు, ప్రతిసారీ సుమారు అర లీటరు గాలి పీలుస్తారు. పీల్చే గాలిలో 21 శాతం ఉన్న ఆక్సిజన్, వదిలే గాలిలో 16 శాతం దాకా ఇంకా మిగిలే ఉంటుంది. ఊపిరి బిగపట్టినప్పుడు ఇక ఆగలేమనిపించడానికి ముఖ్య కారణం ఆక్సిజన్ అయిపోవడం కాదు, రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరగడం. మెదడు దిగువన ఉన్న శ్వాసకేంద్రం దాన్ని పసిగట్టి కండరాలను పనికి పురిగొల్పుతుంది.

నీటిలో ఊపిరి కష్టమే

ఒక లీటరు గాలిలో సుమారు 270 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉంటుంది. మన ప్రాంతపు వెచ్చని మంచినీటిలో లీటరుకు కరిగేది 8 మిల్లీగ్రాములకు అటూ ఇటూ మాత్రమే. నీరు వేడెక్కేకొద్దీ అదీ తగ్గుతుంది. అంటే చేప మనకంటే ఎంతో పేద వనరుతో బతుకుతోంది. అందుకే దాని మొప్పల్లో ప్రత్యేక ఏర్పాటు ఉంది. నీరు ఒక దిశలో పారుతుంటే రక్తం ఎదురు దిశలో ప్రవహిస్తుంది. దీనివల్ల నీటిలోని ఆక్సిజన్‌లో అధిక భాగాన్ని చేప లాగేసుకోగలదు.

అయితే నీటిలోనే ఆక్సిజన్ లేకపోతే ఎంత మంచి మొప్పలైనా ఏం చేయగలవు? పగలు చెరువులోని నాచు, సూక్ష్మ శైవలాలు ఎండలో కిరణజన్యసంయోగక్రియ జరిపి ఆక్సిజన్ విడుదల చేస్తాయి. చీకటి పడితే ఆ పని ఆగిపోతుంది. శ్వాస మాత్రం ఆగదు. చేపలు, శైవలాలు, అడుగున మిగిలిన మేతను కుళ్లబెట్టే బాక్టీరియా రాత్రంతా ఆక్సిజన్ వాడుకుంటూనే ఉంటాయి. అందుకే సూర్యోదయానికి ముందు దాని మట్టం అన్నిటికంటే తక్కువగా ఉంటుంది. పగలు మబ్బు పట్టి ఉంటే రాత్రికి నిల్వే ఉండదు. రొయ్యల చెరువుల్లో ఏరేటర్లు రాత్రిపూట తిరిగేది ఈ లోటు పూడ్చడానికే.

నీటిలో మునిగి చనిపోయే చేప

ఇదే చెరువులో కొర్రమీను మాత్రం నిబ్బరంగా ఉంటుంది. దాని తలలో మొప్పల పైన గాలిని నిలుపుకునే గది ఉంది. అది తరచూ పైకి వచ్చి గాలి మింగి వెళ్తుంది. అందుకే సంతలో తొట్టెలోని కొద్దిపాటి నీటిలోనూ బతికి ఉంటుంది. పైకి రాకుండా అడ్డుకుంటే మాత్రం పెద్ద కొర్రమీను నీటిలోనే ఊపిరాడక చనిపోతుంది. తెలంగాణ రాష్ట్ర చేప ఇదే.

మరికొన్ని దారులు

వానపాము తడి చర్మంతోనే శ్వాసిస్తుంది. కప్ప ఊపిరితిత్తులతో పాటు చర్మాన్నీ వాడుకుంటుంది. బొద్దింక వంటి కీటకాల్లో రక్తానికి ఆక్సిజన్ మోసే పని దాదాపు లేదు. శరీరం పక్కలనున్న రంధ్రాల నుంచి సన్నని గొట్టాలు గాలిని నేరుగా కణాల దాకా చేరుస్తాయి. పక్షుల్లో గాలిసంచులు ఉండటం వల్ల ఊపిరితిత్తుల గుండా గాలి ఒకే దిశలో పారుతుంది.

చెట్లకూ శ్వాస కావాలి. పుదుచ్చేరి పట్టణంలోని సారం నుంచి కొద్ది కిలోమీటర్ల దూరంలో తేంగాయ్‌తిట్టు వద్ద, అలాగే యానాం సమీపంలోని కోరింగ అడవుల్లో మడ చెట్లు ఉన్నాయి. వాటి కింది బురదలో గాలి చొరబడదు. అందుకే తెల్లమడ వేర్లు పెన్సిళ్లలా నేలపైకి పొడుచుకొచ్చి, వాటి మీది సూక్ష్మరంధ్రాల ద్వారా గాలి తీసుకుంటాయి. ఈ వేర్లను చెత్తతో, పూడికతో కప్పేస్తే చెట్టుకు ఊపిరాడదు.

ముందుగానే జాగ్రత్త

ఆక్సిజన్ వచ్చే దారి మూసుకుపోయినా, వనరు తగ్గినా ఏ జీవికైనా ప్రమాదం ఒకటే. మనిషిలో పొగాకు పొగ వాయుగోణుల గోడలను నాశనం చేస్తుంది. అలా పోయినవి తిరిగి మామూలుగా రావు. చెరువులో చేపలు నోళ్లు తెరిచే దాకా ఆగితే ఆలస్యమైనట్టే. మబ్బు పట్టిన రోజున మేత తగ్గించడం, తెల్లవారకముందే నీటిలోని ఆక్సిజన్ కొలవడం, ఏరేటర్లు నడపడం లేదా కొత్త నీరు పెట్టడం వల్ల నష్టం చాలావరకు తప్పుతుంది.