పని ఆపాలంటే ముందు బాకీ తెగాలి

దసరా దాటి దీపావళి దగ్గరపడేసరికి నాగల్‌గిద్ద మండలంలోని తండాల్లో చాలా ఇళ్లకు తాళాలు పడతాయి. ముసలివాళ్లు, బడి పిల్లలు మిగులుతారు. మిగతావాళ్లు చెరుకు నరకడానికి పోతారు. కొందరు జహీరాబాద్ వైపు, కొందరు సరిహద్దు దాటి కర్ణాటకకు, మహారాష్ట్రకు. ఈ కూలీలంతా ఒక్కరోజు కత్తి కింద పెడితే ఏమవుతుంది?

అమెరికాలో అలాంటి రోజు వచ్చింది. కాగితాలు లేని వలసదారులను నేరస్థులుగా చూసే బిల్లును 2005 డిసెంబరులో అక్కడి ప్రతినిధుల సభ ఆమోదించింది. దానికి జవాబుగా 2006 మే 1న లక్షల మంది పని మానేసి వీధుల్లోకి వచ్చారు. కొన్ని మాంసం ఫ్యాక్టరీలు ఆ రోజు మూతపడ్డాయి. ఆ బిల్లు సెనేట్‌ను దాటలేదు. అదంతా ఒక్క రోజు సమ్మె ఫలితమే అనలేం. కానీ తమ చెమట ఎక్కడెక్కడ కలిసి ఉందో ఆ కూలీలు దేశానికి చూపించగలిగారు.

అంత దూరం ఎందుకు, మన సంగారెడ్డి జిల్లాలోనే చూశాం. లాక్‌డౌన్‌లో, 2020 ఏప్రిల్ 29న, కందిలో ఐఐటీ భవనాలు కడుతున్న ఇతర రాష్ట్రాల కూలీలు రోడ్డెక్కారు. జీతాలివ్వండి, ఊరికి పంపండి అన్నారు. రాళ్లు పడ్డాయి, పోలీసు బండి దెబ్బతింది. అది తప్పే. అయినా మే 1 తెల్లవారుజామున లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు సుమారు 1,200 మందితో రైలు కదిలింది. లాక్‌డౌన్‌లో వలస కూలీల కోసం దేశంలో నడిచిన మొదటి రైలు అదే. పనిచేసే చోట ఓటు లేనివాళ్ల మాట అలా వినబడింది. అందుకే పని ఆపడం వాళ్ల హక్కని నేను గట్టిగా నమ్ముతాను.

చెరుకులో కూలీకి బలం ఇంకా ఎక్కువ ఉండాలి. నరికిన గడ రోజురోజుకూ బరువు, తీపి కోల్పోతుంది. క్రషింగ్ ఆగితే ఫ్యాక్టరీకి నష్టం. మహారాష్ట్రలో నరికే కూలీల సంఘాలు సీజన్‌లోనే పని ఆపి బేరమాడతాయి. 2024 జనవరిలో కూలి 34 శాతం పెంచేందుకు ఒప్పందం కుదిరింది.

మరి మన తండా జోడీ పని ఎందుకు ఆపలేకపోతోంది? మొగుడూ పెళ్లామూ కలిసి ఒక జోడీ. బయల్దేరకముందే, కూలీలను కుదిర్చి తీసుకుపోయే మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుంటారు. పెళ్లికో, బోరుకో, ఆసుపత్రికో అది ఖర్చయిపోతుంది. ఆ తర్వాత నరికే ప్రతి టన్నూ బాకీలోకే పోతుంది. పని మానితే కూలి పోవడమే కాదు, బాకీ మిగిలిపోతుంది, వచ్చే ఏడాదికి మోసుకుపోవాలి. అలాంటి మనిషిని సమ్మెకు రాలేదని నిందించడం నాకు అన్యాయంగా తోస్తుంది.

అడ్వాన్సు పేరుతో మనిషిని కదలనీయకుండా కట్టేస్తే అది వెట్టి. 1976 చట్టం వెట్టిని రద్దు చేసింది, దాని కింద ఉన్న బాకీనీ రద్దు చేసింది. ఆ సంగతి తండాలో చదివి చెప్పేవాళ్లు కావాలి. ఎంత తీసుకున్నాం, టన్నుకు ఎంత, ఎన్ని టన్నులకు బాకీ తెగుతుంది అన్న లెక్క మేస్త్రీ పుస్తకంలోనే కాదు, కూలీ చేతిలోనూ కాగితం మీద ఉండాలి. లారీ ఎక్కకముందే, దసరా నాటికే.