గుడ్లు కనబడకపోతే జలగ చచ్చినట్టేనా?

బెంగాల్-నాగ్‌పూర్ రైల్వే నాడు పనికోసం తరలివెళ్ళిన తెలుగు కుటుంబాలు ఖరగ్‌పూర్‌లో తరతరాలుగా స్థిరపడి ఉన్నాయి. పట్టణం ఎర్రని మెట్టనేల. కంగ్సాబతీ నది వైపు దిగితే వరిమళ్ళు, చెరువులు. ఇటువంటి పల్లపు నీటి నత్తలలోనే గొర్రెల కార్జపు జలగ పెరుగుతుంది. నత్తను విడిచి గడ్డిని అంటుకొని, మేతతో గొర్రె కడుపులో ప్రవేశిస్తుంది. దవడ కింద నీరు దిగి, కనురెప్పలోపలి ఎరుపు పాలిపోయేసరికి ఆలస్యం జరిగిపోయి ఉంటుంది.

మందులకు కొదవలేదు. 1920 దశకంలో వాడుకలోకి వచ్చిన కార్బన్ టెట్రాక్లోరైడ్ జలగతోపాటు కొన్ని గొర్రెలనూ బలిగొన్నది. తరువాత ఆక్సీక్లోజనైడ్, రాఫాక్సనైడ్ వంటివి, 1980 దశకంలో ట్రైక్లాబెండజోల్ వచ్చాయి. వీటిలో ఏది మేలైనదో తేల్చడం మాత్రం అనుకున్నంత సులభం కాదు.

పెంటికలలో గుడ్లను మందుకు ముందు, తరువాత లెక్కించడం వాడుక. ఈ లెక్క రెండు విధాల మోసగిస్తుంది. మన ప్రాంతపు జలగ గుడ్లు పెట్టడానికి మూడు నెలలకు పైగా పడుతుంది. ఆక్సీక్లోజనైడ్ ఎదిగిన జలగలనే చంపుతుంది కనుక గుడ్లు మాయమవుతాయి. పసి జలగలు కార్జాన్ని తొలుస్తూనే ఉంటాయి. రెండవది దీనికి విరుద్ధం: జలగలు చచ్చినా పిత్తాశయంలో నిలిచిన గుడ్లు రెండు మూడు వారాలు వెలువడుతూ, మంచి మందుకే అపకీర్తి తెస్తాయి.

కనుక శాస్త్రజ్ఞులు కఠినమైన దారి పడతారు. ఒకేసారి రోగం అంటించిన గొర్రెలను రెండు గుంపులు చేసి, ఒకదానికే మందిస్తారు. పిమ్మట రెండింటినీ కోసి, కార్జంలోని జలగలను లెక్కిస్తారు. మందులేని గుంపులో సగటున అరవై, రెండవ దానిలో ఆరు ఉంటే ఆ మందు బలం తొంభై శాతం. మందులేని గుంపు లేనిదే ఈ లెక్కకు విలువ లేదు. ఎండాకాలంలో మంద దానంతటదే కోలుకున్నా ఘనత మందుకు దక్కుతుంది!

పసి జలగలను సైతం చంపే ట్రైక్లాబెండజోల్ ఈ పరీక్షలో మేటిగా నిలిచింది. అయినా 1995లో ఆస్ట్రేలియా గొర్రెలలో దానికి లొంగని జలగలు బయటపడ్డాయి.

అయితే ప్రతి వైఫల్యమూ అటువంటిది కాదు. కాపరి గొర్రెను తూచకుండా కంటి అంచనాతో తాగిస్తే బరువైన పొట్టేలుకు మోతాదు చాలదు. బ్రతికిన జలగ మళ్ళీ గుడ్లు పెడుతుంది. పెంటిక పరీక్షలో అది మందు తప్పుగానే కనబడుతుంది.