జలుబు తగ్గాక కాళ్ళ మీద ఎర్ర మచ్చలా? అశ్రద్ధ చేయకండి

ఆరేళ్ళ బాబుని ఎత్తుకుని ఒక తల్లి మా ఓ.పి.కి వచ్చింది. "సిస్టరమ్మా, పది రోజుల క్రితం గొంతు నొప్పి, జలుబు వచ్చి తగ్గిపోయాయి. ఇప్పుడు కాళ్ళ నిండా ఈ మచ్చలు. వేడి చేసిందని సబ్జా నీళ్ళు పట్టాను. తగ్గలేదు, పైగా నడవనంటున్నాడు" అంది.

పిరుదుల నుండి పాదాల వరకు ఎరుపు, ఊదా రంగు మచ్చలు. తడిమితే కాస్త ఎత్తుగా ఉన్నాయి. చీలమండలు వాచాయి.

ఇది వేడి కాదు, అమ్మవారూ కాదు. దీనిని హెనాక్-షోన్‌లైన్ పర్‌ప్యురా అంటారు. 2012 నుండి ఐజిఎ వాస్కులైటిస్ అని కూడా పిలుస్తున్నారు. 3 నుండి 10 సంవత్సరాల పిల్లలలో ఎక్కువ.

ఎందుకు వస్తుంది?

చాలామందిలో జలుబు, గొంతు నొప్పి వచ్చిన 1 నుండి 3 వారాలకు ఇది కనబడుతుంది. శరీరంలో తయారైన ఐజిఎ అనే ప్రతిరక్షకాలు సన్నని రక్తనాళాల గోడలలో పేరుకుని వాపు తెస్తాయి. అక్కడ రక్తం చర్మం క్రిందికి చేరి మచ్చలవుతుంది. ఇది అంటువ్యాధి కాదు.

ఇంట్లో ఎలా గుర్తించాలి?

గాజు గ్లాసును మచ్చ మీద ఒత్తి చూడండి. మామూలు దద్దురు రంగు తగ్గుతుంది. ఈ మచ్చ తగ్గదు. అలా ఉంటే అదే రోజు డాక్టరుకి చూపించండి. జ్వరం, మగత, తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, విరేచనంలో రక్తం వీటిలో ఏది ఉన్నా రాత్రయినా సరే వెంటనే తీసుకురండి. నొప్పి మాత్రలు సొంతంగా వేయకండి.

మచ్చలు పోయినా మూత్ర పరీక్ష మానవద్దు

ఎక్కువమంది పిల్లలకు కొన్ని వారాలలో ఇది దానంతటదే తగ్గుతుంది. కాని సుమారు ముగ్గురిలో ఒకరికి మూత్రపిండాలకు కూడా సోకుతుంది. అప్పుడు నొప్పి ఉండదు, మూత్రం రంగు కూడా మారకపోవచ్చు. రక్తం, ప్రొటీను పోతున్నట్లు పరీక్షలోనే తెలుస్తుంది. అందుకే డాక్టరు చెప్పిన రోజులలో, కనీసం ఆరు నెలల పాటు, మూత్రం, బి.పి. చూపించాలి.

ఆ తల్లి కూడా "మచ్చలు పోయాయి కదా, ఇంకా ఎందుకు సిస్టరమ్మా?" అని అడిగింది. అయినా వచ్చింది. ఐదవ వారంలో ప్రొటీను కనబడింది. సమయానికి మందులు మొదలుపెట్టారు. ఇప్పుడు బాబు బడికి వెళ్తున్నాడు.

తల్లులారా, పరీక్ష తేదీలను క్యాలెండరు మీద గుర్తు పెట్టుకోండి. ఉదయం లేవగానే వచ్చే మూత్రాన్ని శుభ్రమైన సీసాలో పట్టి తీసుకురండి.