అంటువ్యాధులు - ప్రజాసహకారము

అంటువ్యాధి యొక యింట పుట్టి యూరంతయు వ్యాపించును. కావున దానిని నివారించు భారము ఒక్క ప్రభుత్వముతోనో, ఒక్క వైద్యునితోనో తీరునది కాదు. రోగిని వేరుగా నుంచుమన్నచో బంధువులు సమ్మతింపవలెను. టీకాలు వేయింపుమన్నచో తల్లి బిడ్డను వెంటబెట్టుకొని రావలెను. ఎందులకో తెలియనిదే యీ పనుల నెవ్వరును మనఃపూర్వకముగా చేయరు. ఈ సామాన్య సత్యమును విస్మరించుటచే నెంతటి యనర్థము వాటిల్లునో పూనా నగర చరిత్ర చెప్పుచున్నది.

1896లో బొంబాయిలో ప్లేగు పొడసూపెను. 1897 ఫిబ్రవరిలో ఆనాటి ప్రభుత్వము అంటువ్యాధుల శాసనమును గావించెను. పూనాలో ర్యాండు దొర యాధిపత్యమున నేర్పడిన ప్లేగు కమిటీ తెల్ల సోల్జర్లను ఇండ్ల సోదాకు బంపెను. వారు వంటయిండ్లలోనికిని, పూజామందిరములలోనికిని జొరబడిరి, స్త్రీలను నలుగురి యెదుట పరీక్షించిరి, సామానులను తగులబెట్టిరి. రోగిని వేరుపరచుట గాని, ఇంటిని శుభ్రపరచుట గాని స్వతహాగా తప్పుపనులు కావు. వానిని నడిపిన తీరే ప్రజలను బెదరగొట్టెను. జ్వరము తగిలి గజ్జలలో బిళ్ళలు కట్టినవారిని ఇంటివారు దాచిపెట్టసాగిరి. వ్యాధి జాడ తెలియుటకై తలపెట్టిన సోదాయే ఆ జాడను మరుగుపరచెను. ఆ యేటి జూన్ 22వ తేది రాత్రి చాపేకరు సోదరులు ర్యాండు దొరను కాల్చిరి. తిలక్ మహాశయునకు, కేసరి పత్రికలోని వ్రాతలను బట్టి, రాజద్రోహ నేరముపై 18 మాసముల కారాగారశిక్ష విధింపబడెను.

విచిత్రమేమన, శాసించిన వారికే వ్యాధి మర్మము పూర్తిగా తెలియదు. ప్లేగు క్రిమిని 1894లో హాంకాంగులో యెర్సిన్ అను వైద్యుడు కనుగొనియుండెను గాని, అది మనుష్యుని చేరు మార్గము తేలలేదు. 1898లో కరాచీలో సిమోన్ అను ఫ్రెంచి వైద్యుడు ఆ మార్గమును ప్రయోగపూర్వకముగా చూపెను. ఎలుక యొంటినంటి నెత్తురు పీల్చు రెక్కలు లేని చిన్న పురుగు, ఎలుక చచ్చినంతనే దానిని విడిచి మరియొక ప్రాణిని కుట్టును. ఆ కాటుతో క్రిమి శరీరము జొచ్చును. ఈ మాటను పండితులు వెంటనే నమ్మలేదు. 1905లో నేర్పడిన పరిశోధకసంఘము బొంబాయిలో పరీక్షలు జరిపిన పిదపగాని అది స్థిరపడలేదు. ఈ సంగతి తెలియని యధికారులు కాలువలు కడిగించుచు, గోడలకు మందునీళ్ళు చల్లించుచుండిరి. ఎలుకలు రాలుట చూచి యూరు విడిచిపోవు పల్లెవారి యాచారమునకే యెక్కువ యర్థమున్నదని తరువాత తేలినది.

ఇందుచే ప్రజలయందు దోషమే లేదని మేమనము. హాఫ్కిన్ పండితుడు ప్లేగుమందును బొంబాయిలో సిద్ధపరచి, 1897 జనవరి 10వ తేదిన తొలుత తన శరీరముననే పొడిపించుకొనెను. అట్టి మందుపై గూడ వదంతులు లేచినవి. సంశయించి మానినవారు పెక్కురు. కాని నిజమైన నాయకత్వమును ఆ నగరముననే కానవచ్చినది. తిలక్ మహాశయుడు సోల్జర్ల దౌర్జన్యమును ఖండించుచునే, తాను నగరము విడువక ప్లేగు ఆసుపత్రి స్థాపనకు పాటుపడెను. సావిత్రీబాయి ఫూలే తన కుమారుడు నెలకొల్పిన చికిత్సాలయమున రోగులకు శుశ్రూష చేసి, ఆ వ్యాధియే సోకి 1897 మార్చి 10వ తేదిన మరణించెను. దౌర్జన్యమును ప్రతిఘటించుటకును, వైద్యమును ప్రతిఘటించుటకును గల భేదమును వీరు చక్కగా నెరిగిరి.

దీనికి సరిపోల్చదగినది మశూచికముపై జరిగిన పోరాటము. మన పల్లెలలో దానిని అమ్మవారని కొలిచిరి. 1974లో బీహారున వేలకొలది గ్రామములు దాని వాతబడియుండెను. ఆనాడును ఇంటింటి సోదాయే జరిగినది. కాని వచ్చినవారి చేతిలో తుపాకి లేదు, రోగము సోకిన బిడ్డ బొమ్మగల కార్డు కలదు. ఇట్టి రోగమెచ్చటనైన చూచితిరా యని వారు సంతలలోను, బడులలోను అడిగిరి. రోగము కనబడిన యింటికి కాపలా యుంచి, చుట్టుప్రక్కలవారందరికిని టీకాలు వేసిరి. ఈ వ్యాధి మనిషినుండి మనిషికే సోకును. చుట్టునున్నవారికి రక్షణ కల్పించినచో ముందుకు సాగుటకు దానికి దారి లేదు. ఇంత సులభమైన కారణమును పామరుడును గ్రహింపగలడు. అక్కడక్కడ బలవంతము జరుగలేదని మేము చెప్పజాలము. అయినను కబురు తెచ్చిన ప్రజలే యీ విజయమునకు మూలాధారము. 1975 మే తరువాత దేశమున మశూచికము కానరాలేదు. 1980లో అది ప్రపంచమునుండియే తొలగినదని ప్రకటించిరి.

1897 నాటి శాసనమునే 2020లో కరోనా వ్యాపించినప్పుడు మరల ప్రయోగించిరి. అందు ధిక్కరించినవారికి శిక్ష కలదు. అమలుపరచు నధికారులకు రక్షణ కలదు. ప్రజలకు కారణము వివరింపవలెనను విధి మాత్రము లేదు. వైద్యులపైనను, ఆరోగ్యోద్యోగులపైనను దాడులు జరుగగా, ఆ యేడే వారి రక్షణకై దానిని సవరింపవలసి వచ్చెను. ఆ రక్షణ యవసరమే. కాని దాడికి మూలమైన భయమును శిక్ష పోగొట్టజాలదు.

శాసనము విడిచిన యీ లోటును పూరింపదగినవారు చదువరులగు గృహస్థులే. ఇల్లు కాలుచుండగా నుయ్యి త్రవ్వుట వ్యర్థము. వ్యాధి లేని దినములలోనే నీటివలన నేది వచ్చును, దోమవలన నేది వచ్చును, ఊపిరివలన నేది వచ్చునని తెలిసికొని, తమ పాలికాపులకును, పనివారికిని, ఇరుగుపొరుగువారికిని వారి మాటలలో చెప్పవలెను. అధికారి యొక కట్టుబాటును విధించినప్పుడు కారణమడుగుట పౌరుని హక్కు. సహేతుకమని తోచినప్పుడు ముందుగా తానాచరించుట పౌరుని ధర్మము. గ్రామములోని పెద్దయింటి బిడ్డకు అందరి యెదుట టీకా వేయించినచో కూలివాని గుడిసెలోని భయము సగము తగ్గును. తన యింట రోగము పుట్టినప్పుడు పరువుకై దాచక మొదట తెలియజేయు గృహస్థు గ్రామమునకు చేయు మేలు ఏ దానమునకును తీసిపోదు.