బియ్యమా, డబ్బులా? రైస్ కార్డు ఉన్నవాళ్లు తెలుసుకోవాల్సిన సంగతులు

గాజువాక, అనకాపల్లి వైపు కార్డుదారులకు 2022 ఏప్రిల్ గుర్తుండే ఉంటుంది. రేషన్ బియ్యం వద్దనుకున్నవాళ్లకి బదులుగా డబ్బులిస్తామని, ముందు కొన్ని పట్టణాల్లో చేసి చూస్తామని అప్పట్లో రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. ఆ జాబితాలో మన వైపు నుంచి గాజువాక, అనకాపల్లి ఉన్నాయి. మిగతావి కాకినాడ, నరసాపురం, నంద్యాల. యాప్‌లో సాంకేతిక ఇబ్బందులున్నాయని మొదలవకముందే ఆపేశారు.

ప్రయోగం ఆగింది గానీ మాట ఆగలేదు. డిపో దగ్గర లైన్లో ఇప్పటికీ వినబడుతుంది: "ఈ కోటా బియ్యం మేం తినం, ఆ డబ్బులేవో ఇచ్చేస్తే పోలా?" అలా అడగడంలో తప్పేమీ లేదు. రేపు మళ్లీ ఏ ప్రభుత్వమైనా ఈ ప్రశ్న మీ ముందు పెడితే, సంతకం చేసేముందు మీరు చూసుకోవాల్సిన లెక్క ఒకటుంది.

ముందు మీకు రావాల్సింది ఎంత?

2013 జాతీయ ఆహార భద్రతా చట్టం ప్రకారం కార్డులో పేరున్న ఒక్కొక్కరికి నెలకు 5 కిలోలు. అంత్యోదయ కార్డుకైతే మనుషులెందరున్నా 35 కిలోలు. 2023 జనవరి నుంచి ఇది పూర్తిగా ఉచితం. 2024 జనవరి నుంచి మరో ఐదేళ్లు ఉచితంగానే ఇవ్వాలని కేంద్రం నిర్ణయించింది. మన రాష్ట్రంలో కొన్ని కార్డులు ఈ కేంద్ర చట్టం కిందికి వస్తాయి, మిగతావాటి ఖర్చు రాష్ట్రం భరిస్తుంది. డిపోలో మీకు ఆ తేడా కనబడదు. కానీ ఒకటి రెండు చోట్ల అది అవసరపడుతుంది, కింద చెప్తాం.

డబ్బులంటే ఎంత డబ్బులు?

అసలు విషయం ఇదే. 2015లో కేంద్రం బియ్యానికి బదులు నగదు ఇచ్చే నియమాలు తెచ్చింది. వాటి ప్రకారం మద్దతు ధరకి ఒకటింబావు రెట్లు లెక్కగట్టి, అందులోంచి కార్డుదారు కట్టాల్సిన ధర తీసేసి మిగతాది ఇవ్వాలి. 2025-26కి సాధారణ రకం ధాన్యం మద్దతు ధర క్వింటాలుకి 2,369 రూపాయలు. క్వింటాలు ధాన్యం ఆడిస్తే 67 కిలోల బియ్యం ఇవ్వాలని ప్రభుత్వ లెక్క. అంటే కిలో బియ్యం 35 రూపాయల చిల్లర పడుతుంది. దానికి ఒకటింబావు రెట్లంటే 44 రూపాయలు. ఇప్పుడు బియ్యం ఉచితం కాబట్టి తీసేయాల్సిందేమీ లేదు. నలుగురున్న ఇంటికి 20 కిలోలకి నెలకు 880 రూపాయల పైమాట.

ఎవరైనా మీకు కిలోకి 15 ఇస్తాం, 20 ఇస్తాం అంటే ఈ 44 గుర్తు పెట్టుకోండి. 15 చొప్పున నలుగురికి వచ్చేది 300. షాపులో కిలో 50 అనుకుంటే ఆ డబ్బుకి 6 కిలోలు. 20 కిలోలు పోయి 6 కిలోలు మిగిలినట్టు.

రెండో సంగతి, ధర పెరగడం. 1983లో ఎన్.టి.రామారావు గారు కిలో 2 రూపాయల బియ్యం పెట్టారు. మధ్యలో ధర పెరిగింది, 2008లో మళ్లీ 2 రూపాయలైంది, 2011లో రూపాయైంది, ఇప్పుడు ఉచితం. బజారు ధర మాత్రం ఈ నలభై ఏళ్లలో ఎక్కడికి పోయిందో మీకు తెలుసు. 1983లోనే బియ్యం మానేసి ఇంటికి నెలకు 100 రూపాయలు అని ఖాయం చేసి ఉంటే, ఈరోజు ఆ 100కి రెండు కిలోలొస్తే గొప్ప. బియ్యం ఇస్తున్నంతకాలం ధర పెరిగిన భారం ప్రభుత్వం మీద పడుతుంది. డబ్బులైతే ఏటేటా పెంచకపోతే ఆ భారం మీ మీదికొస్తుంది.

ఇచ్చి చూసిన చోట ఏమైంది?

దూరం పోనక్కర్లేదు. కాకినాడ పక్కనున్న యానాం మన తెలుగు ఊరే, కానీ పుదుచ్చేరి కిందకొస్తుంది. పుదుచ్చేరి, చండీగఢ్‌లో 2015 సెప్టెంబరులో, దాద్రా నగర్ హవేలీలో 2016 మార్చిలో డబ్బు పద్ధతి మొదలుపెట్టారు. నీతి ఆయోగ్ కోసం పరిశోధకులు అక్కడ ఇళ్లకెళ్లి అడిగారు. ఆఫీసు లెక్కల్లో దాదాపు అందరికీ డబ్బు పడింది. ఇళ్లలో అడిగితే, మొదట్లో చాలామంది రాలేదన్నారు. కొందరికి ఏ ఖాతాలో పడిందో తెలీదు. బ్యాంకుకి వెళ్లిరావడానికి ఖర్చు, ఒక పూట పని పోవడం. నెలలు గడిచేకొద్దీ కొంత సర్దుకుంది, అదీ నిజమే.

అంతకుముందు 2011లో ఆర్థికవేత్తలు జాన్ డ్రేజ్, రీతిక ఖేరా తొమ్మిది రాష్ట్రాల పల్లెల్లో సర్వే చేయించారు. మొత్తం మీద మూడింట రెండొంతుల మంది బియ్యమే కావాలన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో పదింట తొమ్మిది మంది దాకా అదే మాట. బీహార్‌లో మాత్రం డబ్బే నయమన్నవాళ్లు ఎక్కువ, ఎందుకంటే అక్కడ అప్పట్లో డిపోలే సరిగ్గా నడవలేదు. మనకి ఇందులో తెలుసుకోవాల్సింది ఉంది: డిపో సరిగ్గా ఇస్తే జనం బియ్యం అడుగుతారు, ఇవ్వకపోతే డబ్బులడుగుతారు. తూకంలో కోత పెట్టే డీలరు ఆ వీధి మొత్తాన్నీ డబ్బుల వైపు నెడతాడు.

మెక్సికోలో కూడా కొన్ని పల్లెలకి సరుకులు, కొన్నిటికి డబ్బులు ఇచ్చి చూశారు. సరుకులిచ్చిన ఊళ్లలో దుకాణాల ధరలు తగ్గాయి. దారి సరిగా లేని మారుమూల పల్లెల్లో ఈ తేడా ఎక్కువ. గాజువాకలో పది కిరాణా షాపులుంటాయి, ఎక్కడో చోట కొనుక్కోవచ్చు. పాడేరు పైన కొండ మీద ఊరికి నెలకి ఒకసారి వచ్చే బియ్యం ఆగితే ఆ ఒక్క షాపువాడు చెప్పిందే ధర. అందరికీ ఒకే పద్ధతి పెట్టడం కష్టమనేది అందుకే.

డబ్బు పద్ధతిలో మంచి లేదని కాదు. ఎవరికి నచ్చిన రకం వాళ్లు కొనుక్కోవచ్చు, రాగులో పప్పో గుడ్లో తెచ్చుకోవచ్చు. లైను ఉండదు. కానీ చట్టం కార్డుకి ఇంటి పెద్దగా పెట్టింది పెద్ద వయసు ఆడమనిషిని. బియ్యం వస్తే అది వంటింట్లోకే వస్తుంది. ఖాతాలో పడ్డ డబ్బు అలాగే వంటింటిదాకా వస్తుందో లేదో, మీ ఇంటి సంగతి మీకే తెలుసు.

బియ్యం తీసుకుని అమ్మేస్తే?

చాలామంది చేస్తున్నారు, దాచేదేముంది. రేషన్ బియ్యం కొనడం, అమ్మడం నేరం. పట్టుబడితే నిత్యావసర సరుకుల చట్టం కింద సరుకు జప్తు చేస్తారు. 2024 నవంబరులో కాకినాడ పోర్టులో ఓడలోనే రేషన్ బియ్యం బయటపడ్డాయి. మీ వీధిలో పది పన్నెండుకి కొన్న కిలో చేతులు మారి ఎక్కడిదాకా పోతుందో దాన్నిబట్టి ఊహించుకోండి. ప్రభుత్వానికి ఆ కిలో సుమారు 40 రూపాయలు పడింది. మీకు ముట్టింది పది.

తినాలనిపించకపోతే ఇడ్లీకి, దోసె పిండికి పనికొస్తుంది. పాత బియ్యంలో కలిపి వండేవాళ్లూ ఉన్నారు.

వేరే ఊరి నుంచి వచ్చినవాళ్లు

శ్రీకాకుళం, విజయనగరం నుంచి పనికొచ్చి విశాఖలో ఉంటున్నారా? కార్డు మార్చుకోనక్కర్లేదు. రాష్ట్రంలో ఏ డిపోలోనైనా వేలిముద్ర వేసి తీసుకోవచ్చు. స్టీల్ ప్లాంటు, పోర్టు పనులకి ఒడిశా, బీహార్ నుంచి వచ్చిన కుటుంబాలకి కూడా ఒకే దేశం ఒకే రేషన్ కార్డు కింద ఇక్కడే ఇస్తారు, వాళ్లది కేంద్ర చట్టం కింది కార్డైతే. మీరు వేరే రాష్ట్రం వెళ్లినా అంతే: కేంద్రం కార్డైతేనే అక్కడ చెల్లుతుంది. సగం మంది ఊళ్లో, సగం మంది ఇక్కడ ఉన్నా ఎవరి వాటా వాళ్లు తీసుకోవచ్చు. దీని మీద సందేహాలకి 14445.

డిపోలో ఇవ్వకపోతే

2025 జూన్ నుంచి బండ్లు ఆగి మళ్లీ డిపోల్లోనే ఇస్తున్నారు. ప్రతి నెలా 1 నుంచి 15 వరకు, ఉదయం 8 నుంచి 12, సాయంత్రం 4 నుంచి 8. 65 ఏళ్లు దాటినవాళ్లకి, వికలాంగులకి ఇంటికే తెచ్చివ్వాలి.

స్టాకు లేదని తిప్పి పంపితే ఊరుకోకండి. కేంద్ర చట్టం కింది కార్డుదారుకి బియ్యం ఇవ్వలేకపోతే బదులుగా ఆహార భద్రతా భత్యం ఇవ్వాలని చట్టంలోనే ఉంది. దాని లెక్క కూడా పైన చెప్పిన ఒకటింబావు లెక్కే. అయితే మీరు ఆ నెల డిపోకి వెళ్లి ఉండాలి. వెళ్లకుండా ఇంట్లో ఉంటే వర్తించదు. అందుకే వెళ్లిన తేదీ, డీలరు చెప్పిన మాట ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి. ముందు 1967కి ఫోన్ చేయండి, ఫిర్యాదు నంబరు అడిగి తీసుకోండి. అక్కడ తేలకపోతే జిల్లా ఫిర్యాదుల పరిష్కార అధికారిగా ఉండే జాయింట్ కలెక్టరుకి రాతపూర్వకంగా ఇవ్వండి. ఆ నంబరు, ఆ కాగితం రెండూ జతచేయండి.