ఓడల ఫీజు మీద పందెం: అపోహలు – వాస్తవాలు

నవాబుపేటలో చాయ్ హోటల్ దగ్గర కూర్చునే పిల్లల నోట ఈమధ్య సూయెజ్, పనామా, హోర్ముజ్ పేర్లు వినబడుతున్నాయి. లోకజ్ఞానం పెరిగిందని సంతోషించాను. తర్వాత అసలు సంగతి తెలిసింది. ఫలానా దేశం ఓడల మీద ఫీజు వేస్తుందా లేదా అని ఫోన్‌లో పైసలు కాస్తున్నారు. వాళ్లలో ఒక పిల్లాడు కందులు అమ్మిన డబ్బు పోగొట్టుకుని, ఇంట్లో చెప్పే ధైర్యం లేక నా దగ్గరకొచ్చి కూర్చున్నాడు. వాణ్ని ముంచింది ఒకే ఒక్క మాట. ముందు దాని సంగతి చూద్దాం.

అపోహ: ఇది జూదం కాదు. సర్కారు నిర్ణయం ముందే వార్తల్లో వస్తుంది. వార్తలు చదివేవాడికి నష్టం రాదు.

వాస్తవం: మొదట లెక్క చూడండి. గెలిస్తే పది రూపాయలు చేతికొచ్చే పందెంలో, జరుగుతుందని అందరూ అనుకునే దానికి ‘అవును’ ధర ఎనిమిది రూపాయలు ఉంటుంది. నిజమైతే మీకు మిగిలేది రెండు, కాకపోతే పోయేది ఎనిమిది. నాలుగుసార్లు గెలిచి ఒక్కసారి ఓడితే లాభం సున్నా. యాప్ కోసుకునే కమీషన్ కూడా కలిపితే అసలుకే మోసం. మీరు పొద్దున చదివిన వార్త ఆ ఎనిమిది రూపాయల్లో అప్పటికే కలిసిపోయి ఉంటుంది. అందరికీ తెలిసిన కబురుతో ఎవరి మీద గెలుస్తారు?

సర్కారు మాట ఎంత గట్టిదో కూడా చూడండి. 2025 ఫిబ్రవరిలో అమెరికా వాణిజ్య ప్రతినిధి కార్యాలయం చైనా సంస్థల ఓడలు తమ రేవుకు వచ్చిన ప్రతిసారీ 10 లక్షల డాలర్ల దాకా ఫీజు వేస్తామని ప్రతిపాదించింది. ఏప్రిల్‌కల్లా ఆ లెక్క మారి నెట్ టన్నుకు 50 డాలర్లు అయింది. అక్టోబర్ 14న వసూలు మొదలైంది. అదే రోజు చైనా కూడా అమెరికా ఓడల మీద టన్నుకు 400 యువాన్లు వేసింది. అక్టోబర్ 30న బూసాన్‌లో ట్రంప్, షీ జిన్‌పింగ్ కలిశారు. నవంబర్ 10 నుంచి రెండు ఫీజులూ ఏడాదిపాటు ఆగిపోయాయి. గట్టిగా నాలుగు వారాలు కూడా నడవలేదు! వసూలు మొదలైన రోజున ఇక తిరుగులేదని కాసినవాడి గతి ఏమిటి? ఇద్దరు నాయకులు ఒక గదిలో ఏం మాట్లాడుకుంటారో చిట్టిగిద్ద స్టేషన్‌లో రైలు కోసం చూస్తున్న పిల్లాడికి ఎలా తెలుస్తుంది?

తెలిసినవాళ్లు వేరే ఉంటారు. 2026 జనవరిలో వెనెజువెలా అధ్యక్షుడు మదురోను అమెరికా సేనలు పట్టుకున్నాయి. ఆయన పదవి పోతుందని పాలీమార్కెట్ అనే ఆన్‌లైన్ పందెం వేదికలో ఒక కొత్త ఖాతా ముందే కాసి 4 లక్షల డాలర్లకు పైగా గెలుచుకుంది. అవతలి పక్క కూర్చునేది అలాంటివాళ్లు.

ఇక ఫలితం తేల్చేదెవరు? 2025 మార్చిలో అమెరికా–ఉక్రెయిన్ ఖనిజాల ఒప్పందం మీద అదే పాలీమార్కెట్‌లో పందెం నడిచింది. ఒప్పందం కుదరకముందే ‘అవును’ గెలిచినట్టు తేల్చేశారు. అక్కడ తీర్పు టోకెన్లు ఉన్నవాళ్ల ఓట్లతో వస్తుంది, పెద్ద మూట ఉన్నవాడు తీర్పును తిప్పగలడు. తీర్పు తప్పని తెలిసినా డబ్బు వెనక్కి ఇవ్వలేదు. అసలు సంతకాలు జరిగింది ఏప్రిల్ 30న. అంటే మీ ఊహ నిజమైనా మీ పైసలకు భరోసా లేదు.

అపోహ: ఇది షేర్ మార్కెట్ లాంటిదే.
వాస్తవం: ఈ వేదికలు తన పరిధిలోకి రావని, ఇక్కడ మదుపరులకు రక్షణ ఏదీ ఉండదని సెబీ 2025 ఏప్రిల్ 29నే హెచ్చరించింది.

అపోహ: తెలివితో ఆడే ఆటకు చట్టం అడ్డు రాదు.
వాస్తవం: తెలంగాణ తన గేమింగ్ చట్టాన్ని 2017లోనే సవరించి, నైపుణ్యం పేరుతో ఉన్న మినహాయింపును తీసేసింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం కూడా నైపుణ్యమా అదృష్టమా అని చూడకుండా డబ్బు కాసే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధించింది. ఆ నెలలోనే ప్రోబో లాంటి యాప్‌లు డబ్బు ఆటలు ఆపేశాయి.

అపోహ: వీపీఎన్ పెట్టుకుంటే ఎవరికీ తెలియదు.
వాస్తవం: మీ ఖాతాలోంచి పోయిన ప్రతి పైసాకు బ్యాంకులో ఆనవాలు ఉంటుంది.

అపోహ: మన దగ్గర్లోని దామగుండంలో నేవీ కేంద్రం వస్తోంది, ఓడల కబుర్లు మనకే ముందు తెలుస్తాయి.
వాస్తవం: అది నీళ్లలో ఉన్న జలాంతర్గాములకు సంకేతాలు పంపే కేంద్రం. ఫీజులతో దానికి సంబంధమే లేదు.

అపోహ: ఏ దేశమైనా తన పక్కనుంచి వెళ్లే ఓడకు ఫీజు వేయొచ్చు.
వాస్తవం: సూయెజ్, పనామా మనుషులు తవ్విన కాలువలు కాబట్టి అక్కడ రుసుము ఉంది. తీరం పక్కనుంచి ఊరికే దాటిపోయినందుకు ఫీజు అడగకూడదని 1982 నాటి సముద్ర చట్టం ఒడంబడిక చెబుతోంది. డెన్మార్క్ శతాబ్దాల పాటు తన జలసంధిలో వసూలు చేసిన సుంకం 1857లో రద్దయింది. బలమున్న దేశం చట్టానికి లోబడుతుందా అన్నది వేరే ప్రశ్న. ఆ ప్రశ్న మీద ఇల్లు తాకట్టు పెట్టకూడదు.

అపోహ: ఈ మార్కెట్ల ధరలు నిజాన్ని ముందే చెబుతాయి.
వాస్తవం: ఇందులో కొంత నిజం ఉంది, ఒప్పుకోక తప్పదు. 2024 అమెరికా ఎన్నికల్లో చాలా సర్వేలు నువ్వా నేనా అంటుంటే ఈ ధరలు ట్రంప్ వైపే మొగ్గాయి. కానీ ఆ ధరను చూడటానికి పైసా ఖర్చు కాదు. చూడండి, చదవండి, అక్కడితో ఆపండి.

పాలకుడు వేసే సుంకం వర్తకుడికి ముందే తెలియాలి. మనవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. తుఫానులో పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును వెనకటి రాజులు మొత్తం లాక్కునేవారు. కాకతీయ గణపతిదేవుడు సుంకం తప్ప మరేమీ ముట్టనని, ఆ సుంకం ముప్పయ్యో వంతని మోటుపల్లి రేవులో 1244–45లో రాతి మీద చెక్కించి అభయమిచ్చాడు. వర్తకుడి గుండెలో భయం తీసేయడానికే ఆ శాసనం. ఈ యాప్‌లు బతికేది ఆ భయాన్ని అమ్ముకునే.

సముద్రపు దారుల వార్తలు చదవొద్దని నేననను. అవి మన ఇంటి వార్తలే. 2023 చివర నుంచి ఎర్ర సముద్రంలో దాడులకు భయపడి ఓడలు ఆఫ్రికాను చుట్టి వెళ్లడంతో రవాణా ఖర్చు పెరిగింది. డీఏపీ బస్తా రూ.1,350 దాటకుండా ఉండటానికి కేంద్రం టన్నుకు రూ.3,500 అదనంగా ఇవ్వాల్సివచ్చింది. మన తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పంట ధర మొజాంబిక్, మయన్మార్ నుంచి దిగే కందుల మీద సుంకం ఉందా లేదా అన్నదాన్ని బట్టి కదులుతుంది. 2025–26కు కంది మద్దతు ధర క్వింటాలుకు రూ.8,000. మార్కెట్‌కు బండి కట్టేముందు ఈ సంగతులన్నీ చూసుకోండి. మీ చదువు అక్కడ నిజంగా పనికొస్తుంది.

ఇప్పటికే చిక్కుకున్న తమ్ముళ్లకు ఒక మాట. పోయినదాన్ని రాబట్టుకుందామని మళ్లీ కాయకండి. యాప్ తీసేయండి. ‘పోయిన డబ్బు తెప్పిస్తాం’ అని ఫోన్ చేసేవాళ్లను నమ్మకండి, అది రెండో మోసం. మోసపోయామనిపిస్తే వెంటనే 1930కి ఫోన్ చేయండి. అన్నిటికంటే ముందు ఇంట్లో చెప్పండి. నా దగ్గరకొచ్చిన పిల్లాడు ఆ రాత్రే చెప్పాడు. తండ్రి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, మిగిలిన కందులు ఎప్పుడు అమ్ముదామని కొడుకునే అడిగాడు.