సహాయపు సొమ్ము ఎవరికి అందును?
మన్యపు రైతులు ముందుగా సరిచూచుకొనవలసిన సంగతులు

2020 సంవత్సరము మార్చి 25వ తేదీ నుండి కరోనా వ్యాధి కారణముగా దేశమంతటను లాక్‌డౌన్ అమలు జరిగినది. కిరండోలు పాసింజరు బండి ఆగినది. అరకులోయకు యాత్రికుల రాక నిలిచినది. వారపు సంతలు సాగలేదు. చింతపండు, పసుపు, అడ్డాకులు సంతలో అమ్మి ఉప్పు, నూనె కొనుక్కొను కుటుంబములకు చేతిలో రొక్కము లేకపోయినది. కష్టము అందరికిని వచ్చినది గాని, సహాయము అందరికిని ఒకే తీరున అందలేదు. ఎవరికి ఎంత కష్టమున్నదో చూచి సొమ్ము పంచుటకు అట్టి సమయములో ప్రభుత్వమునకు వ్యవధి ఉండదు. అదివరకే వ్రాసియున్న జాబితాలను బట్టియే పంచుదురు. కావున అర్హత అనునది కష్టకాలమునకు ముందే నిర్ణయమగునని రైతులును, గ్రామాధికారులును గ్రహింపవలెను.

2020లో ఎవరికి అందినది?

ఆ సంవత్సరము మార్చి 26న కేంద్ర ప్రభుత్వము గరీబ్ కల్యాణ్ సహాయమును ప్రకటించినది. జన్‌ధన్ ఖాతా గల స్త్రీలకు ఏప్రిల్, మే, జూన్ నెలలలో నెలకు 500 రూపాయల వంతున జమచేసిరి. ఖాతా మామూలు పొదుపు ఖాతా అయినను, జన్‌ధన్ ఖాతా భర్త పేర మాత్రమే ఉన్నను, ఆ ఇల్లాలికి ఈ సొమ్ము రాలేదు. ఉచిత బియ్యము మనిషికి నెలకు 5 కిలోల వంతున ఇచ్చిరి. ఈ లెక్క కార్డులో వ్రాసిన పేర్లను బట్టి వేసినదే. కోడలి పేరు, పసిబిడ్డ పేరు కార్డులో చేర్చని ఇంటికి ఆ మేరకు తగ్గినది. రాష్ట్ర ప్రభుత్వము బియ్యపు కార్డు గల పేద కుటుంబములకు ఏప్రిల్‌లో 1,000 రూపాయలు ఇచ్చినది. పి.ఎం. కిసాన్ కిస్తీ 2,000 రూపాయలను ఏప్రిల్‌లోనే విడుదల చేసిరి. కాని అదియు అప్పటికే పేరు నమోదైన రైతులకే చెందినది.

భూమిని బట్టి వచ్చు సహాయము

పి.ఎం. కిసాన్ పథకము 2019 ఫిబ్రవరిలో ఆరంభమైనది. ఏడాదికి 6,000 రూపాయలు మూడు కిస్తీలుగా ఇత్తురు. మొదట 2 హెక్టార్ల లోపు వారికే ఉండగా, 2019 జూన్ 1 నుండి సాగుభూమి గల రైతు కుటుంబములన్నిటికిని వర్తింపజేసిరి. కుటుంబమనగా భర్త, భార్య, మైనరు బిడ్డలు. 2019 ఫిబ్రవరి 1 నాటికి భూమి రైతు పేర ఉండవలెను. ఆ తరువాత తండ్రి చనిపోయి వారసత్వముగా వచ్చిన భూమికి మాత్రము ఈ తేదీ అడ్డుకాదు.

ఆదాయపు పన్ను కట్టువారు, నెలకు 10,000 రూపాయలు గాని అంతకు మించి గాని పింఛను పొందువారు, శాసనసభ్యులు, ప్రభుత్వోద్యోగులు, వృత్తి చేయుచున్న వైద్యులు, న్యాయవాదులు మొదలగువారు అర్హులు కారు. అయితే నాలుగవ తరగతి ఉద్యోగులకు ఈ నిషేధము లేదు. ప్రభుత్వ కార్యాలయములో అటెండరుగా నున్న గిరిజన రైతు, ఉద్యోగమున్నదను ఒక్క కారణముచే వెనుదీయనక్కరలేదు. అనర్హులు సొమ్ము తీసికొన్నచో తిరిగి రాబట్టుదురు.

రాష్ట్రములో 2019 అక్టోబరు 15న ఆరంభమైన రైతు భరోసా పథకమున ఏడాదికి 13,500 రూపాయలు ఇచ్చిరి. అటవీ హక్కు పత్రము గల గిరిజన రైతులకు ఆ మొత్తమంతయు రాష్ట్ర ఖజానా నుండియే ఇచ్చిరి. దాని స్థానమున వచ్చిన అన్నదాత సుఖీభవ పథకపు సొమ్ము 2025 ఆగస్టు 2 నుండి జమ అగుచున్నది. కేంద్రపు 6,000తో కలిపి దీని మొత్తము ఏడాదికి 20,000 రూపాయలు.

కొండపోడు చేయువారి మాట

మెట్టవాలులో సామ, రాగి, వలిసె పండించు కుటుంబములలో పట్టా లేనివారికే ఎక్కువ నష్టము. అట్టి గిరిజనులకు 2006 నాటి అటవీ హక్కుల చట్టము దారి చూపుచున్నది. 2005 డిసెంబరు 13కు ముందు నుండి సాగులోనున్న భూమికి, 4 హెక్టార్లకు మించకుండ, హక్కు ఇత్తురు. దరఖాస్తు గ్రామసభకు ఇయ్యవలెను. పాత కాగితములు లేవని నిరాశ చెందరాదు. గట్లు, బావులు, ఇంటి ఆనవాళ్లు, ఊరి పెద్దల వాఙ్మూలము కూడ సాక్ష్యములే. పత్రము భార్యాభర్తలిద్దరి పేర ఉండవలెనని చట్టము చెప్పుచున్నది. ఇది వారసులకు సంక్రమించును గాని అమ్ముటకు వీలులేదు. ఇప్పుడు కొత్తగా అడవి నరికినవారికి ఈ హక్కు రాదు.

సాధారణముగా కనబడు లోపములు

1. చనిపోయిన తండ్రి పేరనే భూమి ఉండిపోవుట. మరణ ధ్రువపత్రము తీసికొని, వారసుల పేర్లు వెంటనే మార్పించుకొనవలెను.

2. పత్రములో ఒక పేరు, ఆధార్‌లో మరొక పేరు ఉండుట. ఇంటిపేరు, అక్షరములు రెంటిలోను ఒకటిగా ఉండవలెను.

3. ఖాతా మారుట. ఆధార్ ద్వారా వచ్చు సొమ్ము, చివరిగా ఆధార్ అనుసంధానించిన ఖాతాలోనే పడును. కొత్త ఖాతా తెరచినవారు పాత పుస్తకము చూచి సొమ్ము రాలేదనుకొనుట కలదు. బ్యాంకులో విచారించినచో సంగతి తెలియును.

4. పి.ఎం. కిసాన్‌కు ఇ-కె.వై.సి. చేయించకపోవుట. ఇది లేనిదే కిస్తీ రాదు.

గ్రామాధికారులకు మనవి

జాబితాను గోడకు అంటించి ఊరకుండిన చాలదు. కొండమీది గూడెములలో చదువరులు తక్కువ. గ్రామసభలో పేర్లు బిగ్గరగా చదివి, కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడువారికి వారి భాషలోనే వివరింపజేయవలెను. పేరు లేనివారిని అడిగి, కారణము వ్రాసికొని, పై అధికారులకు పంపవలెను. వితంతువులను, ఒంటరి వృద్ధులను మొదట చూడవలెను.

రైతులు తొలకరి దుక్కులకు ముందు నాగలి, విత్తనము సరిచూచుకొనుట వాడుక. అప్పుడే భూమి పత్రము, బియ్యపు కార్డు, బ్యాంకు పుస్తకము, ఆధార్ ఒకచోట పెట్టి సరిచూచుకొని, లోపమున్నచో రైతు సేవా కేంద్రములో గాని గ్రామ రెవెన్యూ అధికారికి గాని వెంటనే తెలుపవలెను.